దేశం అన్న గడిలో

కేర్‌గబీ పోస్టాఫీసులో మూడో కౌంటరు నాది.
ఇంగ్లీషువాళ్ళు హోలీహెడ్ అంటారు,
బయట బోర్డు రెండూ అంటుంది.
ఊరున్నది ఒక చిన్న దీవి మీద,
అది ఆనుకున్నది ఇంకో దీవిని,
ఆ దీవి, వంతెన దాటితే, పెద్ద దీవిని.
ఆ పెద్దదాని పేరులో గ్రేట్ అని ఉంటుంది.
గొప్పదని కాదట, పెద్దదని మాత్రమేనట;
చిన్న బ్రిటన్ ఒకటి ఫ్రాన్సు ఒడ్డున ఉందట.
ఈ సంగతి తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.
పౌరసత్వం పరీక్షలో మాత్రం అడగలేదు.

ప్రతి మంగళవారం బ్రీజ్ మగిన్లీ వస్తుంది.
ఎనభై రెండేళ్ళు, ఉన్ని టోపీ, మోకాలికి కట్టు.
రెండు పొట్లాలు, ఒకే రంగు, ఒకే బరువు,
ఇద్దరు చెల్లెళ్ళకు.
ఒకామె డెర్రీలో. ఆ ఊరి పేరుకు ముందు లండన్ ఉందా లేదా
అన్నది రాసే చేతిని బట్టి ఉంటుంది.
ఈమె చెయ్యి ఎన్నడూ రాయలేదు.
ఆ పొట్లానికి స్టాంపు చాలు.
రెండో ఆమె మాలిన్‌లో, అక్కడికి గంట దూరం,
ఆ దీవికి ఉత్తరాన కొట్టకొస.
దానికి సుంకం ఫారం కావాలి,
ఎందుకంటే అది దక్షిణం.

"ఇంకో అడుగేస్తే సముద్రమే.
అయినా మాది దక్షిణమట," అంటుంది బ్రీజ్.
"మా వైపు దిక్సూచికి కూడా పార్టీ ఉంది."

కంప్యూటరు దేశం అడుగుతుంది.
ఇరాక్ కింద, ఇజ్రాయెల్ పైన, ఐర్లండ్.
ముప్పై రెండు జిల్లాల దీవికీ
ఇరవయ్యారు జిల్లాల దేశానికీ అదొక్కటే పేరు,
పెరుగుతాడులే అని బడి తెరిచేటప్పుడు
పిల్లాడికి వదులుగా కుట్టించిన చొక్కాలాగా.
నేనలా అంటే ఆమె నవ్వింది.
వాళ్ళాయన అయితే నవ్వేవాడు కాదంది.
ఆంట్రిమ్ మనిషి. ఒకరి చొక్కా తన భుజం మీద పడితే
విదిలించి పారేసేవాడు.
ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళోనే కాపురం.
ఇంటికి పోదామా అని ఎవరన్నా ఒకరంటే
ఏ ఇంటికని అడక్కుండా రెండోవాళ్ళు టీ పెట్టేవాళ్ళట.

"మరి నీదెక్కడ?"
నంద్యాల. "అంటే?" రాయలసీమ. "అంటే?"
క్యూలో ఎవరూ లేరు, చెప్పాను.
సైన్యం ఖర్చు కింద నిజాము
మమ్మల్ని కంపెనీకి రాసిచ్చాడు.
ఆనాటి నుంచి మా పేరు దత్తమండలం.
నూట పాతికేళ్ళ పైమాటకు మా ఊళ్ళోనే సభ పెట్టి
ఇది మాకొద్దని కొత్త పేరు పెట్టుకున్నారు.
మా జేజినాయనకు పోయేదాకా దత్తమండలమే.
సినిమా వసూళ్ళ లెక్కల్లో ఇవాళ్టికీ సీడెడే.

బ్రీజ్ చాలాసేపు టోపీ సర్దుకుంది.
"మిమ్మల్ని అడిగారా?"
అడగలేదు.
"ఊ," అంది.

బళ్ళో సుంకన్న సారు ద్వీపాన్ని విడదీసి చెప్పాడు,
రెండు వైపులా అప్పులున్నది అని.
అప్పులంటే నీళ్ళని ఆయన అనేలోపే
తరగతంతా నవ్వింది. మాకు తెలిసిన అప్పులు వేరు.
ఈ కిటికీలోంచి డబ్లిన్ పడవ కదలడం చూస్తుంటే
రెండర్థాలూ సరిపోతున్నాయి సార్.

ఫారంలో ఇంకా గళ్ళు మిగిలాయి.
వస్తువు: చేత్తో అల్లిన మేజోళ్ళు, రెండు జతలు.
విలువ: ఆమె సున్నా అంది,
సున్నాను మిషన్ ఒప్పుకోదన్నాను,
బేరమాడి నాలుగు పౌండ్లు వేశాం.
పంపే కారణం: అమ్మకం, నమూనా, వాపసు, బహుమతి.
బహుమతి దగ్గర నా పెన్ను ఆగింది.
మా జిల్లాల వంతు వచ్చిన రోజు
ఆ గుమాస్తా ఏ గడిలో గీత పెట్టాడో.

వెనక ఎవరో దగ్గారు.
గీత పెట్టి, తూకం వేసి, ముద్ర కొట్టాను.
సగం ఐర్లండ్ మీద, సగం కౌంటరు బల్ల మీద పడింది.

"వచ్చే వారం ఇట్లాంటివి రెండు కావాలి," అంది పోతూ.
డెర్రీ చెల్లెలు కూతురి దగ్గరికి మారుతోందట,
మఫ్ అని, ఐదారు మైళ్ళు కూడా ఉండదు.
ఖాళీ ఫారం ఒకటి ముందుగానే ఇచ్చాను.
నాలుగు మడతలు పెట్టి
టోపీలో దోపుకుంది.